ట్రమడాల్ మానేసి నెల దాటినా మనిషి ఎందుకింత కంగారుగా ఉంటాడు? మెదడు, కార్టిజాల్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం
అందరికీ నమస్తే. మా తమ్ముడికి బైక్ యాక్సిడెంట్‌లో తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. నొప్పికి ట్రమడాల్ రాశారు. ఎముక అతుక్కుంది గానీ టాబ్లెట్ వదల్లేదు. ఒకటి చాలట్లేదని రెండు, రెండు చాలట్లేదని ఇంకోటి, వాడంతట వాడే పెంచుకుంటూ పోయాడు. ఇంట్లో తెలిసేసరికి ఏడాది పైనే అయింది. డాక్టర్ దగ్గర మెల్లగా తగ్గించి మాన్పించాం. వాంతులు, విరేచనాలు, కాళ్లు లాగడం, ఆ గోలంతా అయిపోయింది.

ఇప్పుడు నా డౌట్ ఏంటంటే, మానేసి నెల దాటింది కదా, వాడికి ఇంకా నిద్ర పట్టదు. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడతాడు. చిన్న మాట అంటే చెయ్యి వణుకుతుంది. క్రికెట్ పెట్టినా చూడడు, ఇష్టమైన చేపల పులుసు పెట్టినా "ఏదోలే" అంటాడు. "మందు పోయింది కదా, ఇంకా ఈ టెన్షన్ ఏంటి, అంతా నటన" అంటున్నారు మా బాబాయ్. డాక్టర్ గారు "మెదడు కెమిస్ట్రీ సర్దుకోవాలి" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. సర్దుకోవడం అంటే ఏం సర్దుకోవాలి? పైగా మా కజిన్ నెట్‌లో చదివి ఈ మందులు కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోన్ని పెంచుతాయంటాడు, ఇంకోచోట తగ్గిస్తాయని ఉంది. ఏది నిజం?

ఫార్మకాలజీ పంతులు
నటన కాదమ్మా, ముందు ఆ మాట బాబాయ్ గారికి చెప్పండి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ట్రమడాల్ నల్లమందు జాతి మందు, వీటిని ఓపియాయిడ్లు అంటారు. ఇవి తగిలే చోట్లు, అంటే ఓపియాయిడ్ రిసెప్టర్లు, మన మెదడులో ఉన్నాయని 1973లో తేల్చారు. జాన్స్ హాప్కిన్స్‌లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ ఒకవైపు, న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్, స్వీడన్‌లో లార్స్ టెరేనియస్ ఇంకోవైపు, అదే ఏడాది. గసగసాల కాయ పాలకి మన తలలో తాళంచెవి పట్టే చోటు ఎందుకుంది అన్నది తర్వాతి ప్రశ్న. 1975లో స్కాట్లాండ్ అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్‌లిట్జ్ జవాబు చెప్పారు. శరీరం తన సొంత ఓపియాయిడ్లు తయారు చేసుకుంటుంది, ఆ రిసెప్టర్లు వాటికోసం. ఎన్‌కెఫలిన్లు, ఎండార్ఫిన్లు అంటే అవే.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అని చిన్న గుంపు ఉంటుంది, కొన్ని పదుల వేల న్యూరాన్లు మాత్రమే. మెదడుకి కావాల్సిన నారడ్రినలిన్‌లో చాలా భాగం అక్కణ్ణుంచే వెళ్తుంది. మెలకువ, అప్రమత్తత, గుండె దడ, ఉలిక్కిపాటు అన్నీ దాని పరిధిలోవే. దాని మీద మ్యూ అనే రకం ఓపియాయిడ్ రిసెప్టర్లు దట్టంగా ఉంటాయి. ఓపియాయిడ్ పడగానే ఆ న్యూరాన్లు నెమ్మదిస్తాయి. మొదట్లో టాబ్లెట్ వేసుకుంటే వచ్చే ప్రశాంతత అందులో భాగమే.

కానీ మందు రోజూ పడుతుంటే న్యూరాన్ ఊరుకోదు. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేతాన్ని మందు తగ్గిస్తుంటుంది కాబట్టి, ఆ సంకేతాన్ని తయారుచేసే ఎంజైముల్ని అది పెంచుకుంటుంది. లో వోల్టేజీ ఊళ్లో పాత స్టెబిలైజర్ నాబ్‌ని పైకి తిప్పి పెట్టుకుంటాం చూడండి, అలా. ఉన్నట్టుండి లైన్లో పూర్తి వోల్టేజీ వచ్చిందనుకోండి, నాబ్ పైనే ఉంది కాబట్టి ఫ్యాను గిర్రున తిరుగుతుంది, బల్బు మాడిపోతుంది. మందు ఆపినప్పుడు జరిగేది ఇదే. నాబ్‌ని ఎవరూ వెంటనే కిందికి తిప్పరు. 1975లోనే శర్మ, క్లీ, నైరెన్‌బర్గ్ కణాల్లో ఇది చూపించారు.

ఇక రిసెప్టర్ వైపు కూడా మార్పులుంటాయి. మందు పదేపదే తగిలితే రిసెప్టర్‌కి ఫాస్ఫేట్లు అంటుకుంటాయి, అరెస్టిన్ అనే ప్రొటీన్ వచ్చి పట్టుకుంటుంది, అది లోపలి సంకేత వ్యవస్థతో తెగిపోతుంది. అంతే మోతాదు, తక్కువ ఫలితం. టాలరెన్స్ అనేది ఇవన్నీ కలిసినది.

మెడికల్ షాపు మామ
పంతులు గారూ బాగా చెప్పారు, సగం అర్థమైంది, సగం సాయంత్రం మళ్లీ చదువుతా 😀

మా కౌంటర్ వైపు నుంచి ఒక మాట. 2018 ఏప్రిల్లో ట్రమడాల్‌ని ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందికి తెచ్చారు. అంతకుముందు దాన్ని మామూలు నొప్పి బిళ్లలాగే చూసేవాళ్లం, నిజం చెప్పాలంటే. అలవాటైనవాళ్లు కనిపెట్టేలాగే ఉంటారు. మడతలు పడి మడతల దగ్గర చిరిగిపోయిన పాత చీటీ, తేదీ మీద వేలు పెట్టి చూపిస్తారు, కింద సంతకం అరిగిపోయి ఉంటుంది. "నొప్పి ఎక్కడ?" అంటే ఒకసారి నడుం, ఇంకోసారి మోకాలు. మందు లేదు అని చెప్తే కోపం రాదు, ముందు చెమట పడుతుంది. అది నటనలో వచ్చే చెమట కాదు.

కృష్ణాతీరం
పంతులు గారూ, చాలా థాంక్స్. కానీ ఆ స్టెబిలైజర్ వారం పది రోజుల్లో సర్దుకోవాలి కదా? నెల దాటిందే. పైగా కార్టిజాల్ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

హార్మోన్ల డెస్క్
నేను ఎండోక్రైన్‌లో ట్రైనింగ్‌లో ఉన్నాను, కార్టిజాల్ నాకు వదిలేయండి.

హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది, దానితో పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్ వదులుతుంది, దానితో మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులు కార్టిజాల్ వదులుతాయి. నాకు ఇందులో ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించేది ఒకటుంది. పిట్యూటరీలో ఏసీటీహెచ్, బీటా ఎండార్ఫిన్ రెండూ ఒకే పెద్ద ప్రొటీన్‌ని కోస్తే తయారవుతాయి, పీఓఎంసీ అంటారు దాన్ని. అంటే ఒత్తిడి హార్మోన్‌ని పిలిచే సంకేతం, శరీరపు సొంత నొప్పి మందు, రెండూ ఒకే కడుపున పుట్టినవి. స్ట్రెస్ వ్యవస్థ మీద ఓపియాయిడ్ల కళ్లెం ముందునుంచీ ఉంది. బయటి నుంచి ఓపియాయిడ్ పోస్తే ఆ కళ్లెం గట్టిగా లాగినట్టే.

మీ కజిన్ చదివినవి రెండూ తప్పు కాదు. ఎలుకల్లో ఓపియాయిడ్ ఒక్కసారి ఇస్తే కార్టికోస్టిరాన్ (ఎలుకల్లో కార్టిజాల్ లాంటిది) పెరుగుతుంది. మనుషుల్లో అలా కాదు, తగ్గుతుంది. ఎలుక పేపర్ చదివి మనిషికి అంటగడితే తికమకే. మనుషుల్లో రోజూ వాడుతూ ఉంటే ఏసీటీహెచ్, కార్టిజాల్ అణిగి ఉంటాయి. కొందరిలో ఎంత అణుగుతాయంటే అడ్రినల్ లోపం దాకా వెళ్తుంది. నీరసం, వికారం, ఆకలి లేకపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. 2016లో అమెరికా ఎఫ్‌డీఏ ఓపియాయిడ్ మందులన్నిటి లేబుల్ మీద ఈ హెచ్చరిక చేర్పించింది.

మందు ఆపిన రోజుల్లో మాత్రం సీన్ రివర్స్. కళ్లెం తెగిపోతుంది, కార్టిజాల్ ఎగుస్తుంది. కాబట్టి "పెంచుతుందా, తగ్గిస్తుందా" కాదు, "ఎప్పుడు కొలిచారు" అన్నది అసలు ప్రశ్న.

నెల దాటినా ఎందుకు అన్నారు. న్యూయార్క్ రాక్‌ఫెలర్ యూనివర్సిటీలో మేరీ జీన్ క్రీక్ అని పరిశోధకురాలు ఉండేవారు, 2021లో పోయారు. 1964లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్‌లతో కలిసి హెరాయిన్‌కి బదులు మెథడోన్ అనే ఓపియాయిడ్ ఇచ్చే చికిత్స మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకరు. మెటిరపోన్ అనే మందుతో కార్టిజాల్ తయారీని కాసేపు ఆపి, పిట్యూటరీ ఎంత గట్టిగా స్పందిస్తుందో ఆమె బృందం చూసింది. హెరాయిన్ వాడుతున్నవాళ్లలో స్పందన మందంగా ఉంది. మానేసి ఏ మందూ లేకుండా ఉన్నవాళ్లలో మామూలుకంటే ఎక్కువగా ఉంది. మెథడోన్ మీద నిలకడగా ఉన్నవాళ్లలో మామూలుగా ఉంది. మీ తమ్ముడు ఆ రెండో గుంపులో ఉన్నాడు.

సూటిగా సుబ్బడు
అందరూ డాక్టర్లే ఇక్కడ. నేను ఒకటే అడుగుతా. వియత్నాం యుద్ధంలో అమెరికా సిపాయిలు హెరాయిన్ తెగ వాడారు. లీ రాబిన్స్ అనే ఆవిడ లెక్క తీసింది. దాదాపు 20 శాతం మంది అక్కడ బానిసలయ్యారు. ఇంటికొచ్చాక వాళ్లలో మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు 5 శాతమే, మూడేళ్లకి చూసినా 12 శాతం. ఎంజైములు, నాబ్‌లు అంటున్నారు కదా, వాళ్లకి లేవా ఎంజైములు? మనసు గట్టిదైతే వదుల్తుంది. పూర్వం మా ఊళ్లో నల్లమందు వేసుకునే ముసలాళ్లు పొలం పనులు చేసుకుంటూ 80 ఏళ్లు బతికారు.

రాత్రి డ్యూటీ సిస్టర్
సుబ్బడు గారూ, మీరొక రాత్రి మా వార్డుకి రండి. మనసు ఎంత గట్టిదైనా రోమాలు నిక్కబొడుచుకోవడం ఆపలేరు. మొదటి రాత్రి ఎవరైనా ఒకటే: ఆవలింత మీద ఆవలింత, కానీ నిద్ర రాదు. ముక్కు కారుతుంది, కళ్లు నీళ్లు. టార్చి వేస్తే కంటిపాప ఇంత పెద్దగా. ఏసీ లేకపోయినా చేతుల మీద చర్మం ఈకలు పీకిన కోడిలా అయిపోతుంది. ఎవరూ కావాలని చేసేది కాదు. మేం నాడి, కంటిపాప, చెమట, ఆవలింతలు చూసి మార్కులు వేసి షీట్‌లో రాస్తాం, మనసు ఎంత గట్టిదో మార్కులు వేసే గడి అందులో లేదు.

హెరాయిన్ అయితే ఆపిన 8–12 గంటల్లో మొదలై రెండు మూడు రోజులకి బాగా ముదిరి, వారం పది రోజులకి తగ్గుతుంది. పంతులు గారు చెప్పిన నారడ్రినలిన్‌ని తగ్గించడానికే క్లోనిడిన్ ఇస్తారు. అది బీపీ మందు. వేసుకున్నాక మంచం మీంచి గబుక్కున లేస్తే దబ్బున పడతారు. అందుకే ఇంట్లో సొంతంగా ఎవరూ ట్రై చేయొద్దు.

ఫార్మకాలజీ పంతులు
సుబ్బడు గారు చెప్పిన లెక్క కరెక్టే, కొట్టిపారేయను. కానీ దాన్నుంచి తీసిన నీతితోనే పేచీ. ఆ సిపాయిలు విత్‌డ్రాయల్ (మందు ఆపితే వచ్చే బాధ) పడలేదని రాబిన్స్ చెప్పలేదు. పడ్డారు, అయ్యాక వేరే దేశానికి వెళ్లారు. హెరాయిన్ చవగ్గా దొరికే చోటు, భయం, విసుగు, తోడుగా వేసుకునే స్నేహితులు అన్నీ అక్కడే ఉండిపోయాయి. మనవాడు డీ-అడిక్షన్ నుంచి నేరుగా అదే వీధికి, అదే మెడికల్ షాపు ముందుకి వస్తాడు.

చోటు సంగతి వచ్చింది కాబట్టి, టాలరెన్స్‌లో చాలామందికి తెలియని భాగం చెప్తాను. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో షెపర్డ్ సీగెల్ 1982లో ఎలుకలకి రోజూ పెంచుకుంటూ హెరాయిన్ ఇచ్చాడు. తర్వాత అందరికీ ఒకేసారి పెద్ద మోతాదు. ఎప్పుడూ హెరాయిన్ ఎరగని ఎలుకలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. అలవాటైనవాటిలో, అలవాటైన గదిలోనే ఇచ్చినవి సుమారు 32 శాతం చనిపోయాయి. అంతే అలవాటున్నా గది మార్చి ఇస్తే 64 శాతం. అంటే టాలరెన్స్‌లో కొంత భాగం గదికి కట్టుబడి ఉంది. ఆ గదిని చూడగానే శరీరం మందుకి ఎదురు సన్నాహం మొదలుపెడుతుంది. మందు రాకపోతే ఆ సన్నాహమే తహతహలా బయటపడుతుంది. మీ తమ్ముడు పాత షాపు ముందు నుంచి వెళ్తే చెమట పట్టడం కూడా జరగొచ్చు కృష్ణాతీరం గారూ, అది ఇదే.

మెడికల్ షాపు మామ
> మీ తమ్ముడు పాత షాపు ముందు నుంచి వెళ్తే చెమట పట్టడం

అంటే మా బోర్డు చూస్తేనే చెమట పడుతుందన్నమాట. మా ఆవిడకి చెప్తే నమ్మదు.

పాలమూరు పిల్లోడు
అన్నా ఒక డౌట్. మా దిక్కు కల్తీ కల్లు తాగెటోళ్లు గూడ కల్లు బంద్ అయితే గిట్లనే వణుకుతరు, ఫిట్స్ వస్తయి, ఏందేందో మాట్లాడ్తరు. అది గూడ ఇదేనా?

హార్మోన్ల డెస్క్
కాదు తమ్మీ, తేడా తెలియకపోతే ప్రాణం మీదికొస్తది. ఆ కల్తీ కల్లులో కలిపేది డయజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. అవి మెదడుని నెమ్మదింపజేసే గాబా వ్యవస్థ మీద పనిచేస్తాయి, ఓపియాయిడ్ రిసెప్టర్ల మీద కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రికి జనం క్యూ కట్టారు, గుర్తుందా? ఆ విత్‌డ్రాయల్‌లో ఫిట్స్ వచ్చి మనిషి చనిపోవచ్చు. ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ భయంకరంగా ఉంటుంది గానీ ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే దానితో చనిపోవడం అరుదు. మీవాళ్లకి కల్లు ఒక్కసారిగా ఆపొద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ట్రమడాల్ ఇక్కడ కొంచెం తిక్క మందు. అది ఓపియాయిడ్‌గానే కాక సెరటోనిన్, నారడ్రినలిన్‌లని కూడా కదిలిస్తుంది. అందుకే మోతాదు పెంచితే ఫిట్స్ రావచ్చు, ఆపినప్పుడు మామూలు ఓపియాయిడ్ లక్షణాలతోపాటు కొందరికి విపరీతమైన ఆందోళన కూడా వస్తుంది.

మోడరేటర్
ఒక పోస్టు తీసేశాను. ఎంత మోతాదుకి ఎంత కిక్, దేనితో కలిపితే ఎలా ఉంటుంది లాంటివి ఇక్కడ వద్దు. అడిగినాయన నిజంగా ఇబ్బందిలో ఉంటే 14446కి ఫోన్ చేయండి, డీ-అడిక్షన్ జాతీయ హెల్ప్‌లైన్, టోల్ ఫ్రీ. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. కల్లు గురించి వేరే థ్రెడ్ తెరుస్తున్నాను.

అమ్మకోసం
చదువుతుంటే భయమేస్తోంది. మా అమ్మకి క్యాన్సర్, ఎముకలకి పాకింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే విభాగం) వాళ్లు మార్ఫిన్ ఇస్తున్నారు. ఈమధ్య మోతాదు పెంచారు. ఈ నాబ్ అదీ అమ్మకీ జరుగుతుందా? తగ్గించమని అడగనా?

రాత్రి డ్యూటీ సిస్టర్
అయ్యో వద్దమ్మా, తగ్గించమని అడగొద్దు. శరీరం అలవాటు పడటం వేరు, బానిస కావడం వేరు. అమ్మగారికి శరీరం అలవాటు పడుతుంది, అది ఎవరికైనా జరుగుతుంది, బీపీ మాత్రలకి కూడా కొన్నిటికి జరుగుతుంది. మందు కోసం బతుకు పాడుచేసుకోవడం అనేది వేరే జబ్బు. మోతాదు పెరగడం చాలాసార్లు నొప్పి పెరగడం వల్లే. ఒక్కటి చూసుకోండి, మలబద్ధకం. చాలా ప్రభావాలకి టాలరెన్స్ వస్తుంది గానీ పేగులకి పెద్దగా రాదు. మార్ఫిన్ ఉన్నంతకాలం విరేచనం మందు ఉండాల్సిందే. వాళ్లు రాసే ఉంటారు, "అమ్మకి ఇన్ని మాత్రలెందుకు" అని మీరు ఆపేయకండి. సొంతంగా మార్ఫిన్ ఒక్కసారిగా మానేయడం మాత్రం వద్దు.

అమ్మకోసం
నిజంగానే ఆ సిరప్ ఆపేశాను 🙏 ఇవాళ్టి నుంచి ఇస్తా.

తిరిగొచ్చినవాణ్ణి
ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు. నేను హెరాయిన్ వాడినవాణ్ణి. ఇప్పుడు బూప్రెనార్ఫిన్ మీద ఉన్నాను, చికిత్సగా ఇచ్చే, నాలుక కింద పెట్టుకునే బిళ్ల. కృష్ణాతీరం గారూ, మీ తమ్ముడు చేపల పులుసు గురించి "ఏదోలే" అన్నాడన్నారే, అది నాకు ఒళ్లంతా తెలుసు. వాంతులు భరించొచ్చు. తర్వాత వచ్చే ఆ బూడిద రోజులే మనిషిని మళ్లీ అటు తోస్తాయి. కిక్ కోసం కాదు, మామూలు మనిషిలా ఉండటానికి. నేను రెండుసార్లు పూర్తిగా మానేసి ఇంటికొచ్చినవాణ్ణే, "ఒక మత్తు పోయి ఇంకో మత్తా" అనే మాటకి భయపడి బిళ్ల వద్దన్నవాణ్ణే. మా గుంపులో ఒకడు అలాగే క్లీన్‌గా తిరిగొచ్చి, పాత అలవాటు లెక్కనే వేసుకున్నాడు. పొద్దునకి లేడు.

ఫార్మకాలజీ పంతులు
బాబూ, నువ్వు రాయడం మంచిదైంది. ఆఖరి రెండు వాక్యాలు అందరూ ఇంకోసారి చదవండి. కొన్నాళ్లు మానేస్తే టాలరెన్స్ పోతుంది, తహతహ పోదు. ఊపిరిని నడిపే మెదడు కాండానికి పాత మోతాదు ఇప్పుడు కొత్త మనిషికి ఇచ్చినట్టే. జైలు నుంచి విడుదలైన మొదటి రెండు వారాల్లో, చికిత్స ఆపేసిన తొలి రోజుల్లో చావులు ఎక్కువ కావడం చాలా దేశాల్లో చూశారు.

"ఏదోలే" సంగతి: ఓపియాయిడ్ గాబా న్యూరాన్ల నోరు మూయించి, సంతోషానికి సంబంధించిన డోపమిన్‌ని వదిలిస్తుంది. నెలల తరబడి అలా జరిగాక మామూలు సంతోషాలకి డోపమిన్ స్పందన మందగిస్తుంది. అదే సమయంలో మెదడులో భయాన్ని చూసుకునే అమిగ్డలా చుట్టూ సీఆర్ఎఫ్ (పైన చెప్పిన సీఆర్‌హెచ్‌కే ఇంకో పేరు), డైనార్ఫిన్ రేగి ఉంటాయి. డైనార్ఫిన్ కూడా మన సొంత ఓపియాయిడే, కానీ కాపా రిసెప్టర్ మీద పనిచేసి దిగులు పుట్టిస్తుంది. సంతోషం వైపు తగ్గి, దిగులు వైపు పెరిగి, రెండూ ఒకేసారి.

బూప్రెనార్ఫిన్ మ్యూ రిసెప్టర్‌ని గట్టిగా పట్టుకుంటుంది కానీ సగమే నడిపిస్తుంది. కొంత మోతాదు దాటాక ఊపిరి మీద ప్రభావం ఇక పెద్దగా పెరగదు. మద్యం, నిద్రమాత్రలు కలిస్తే మాత్రం ఆ భద్రత ఉండదు. రోజంతా ఒకే మట్టంలో ఉండటంతో స్ట్రెస్ వ్యవస్థకి ఎత్తుపల్లాలు తప్పుతాయి. మత్తుకి మత్తు అనేవాళ్లు క్రీక్ మెథడోన్ ఫలితాలు ఇంకోసారి చూడాలి.

మెడికల్ షాపు మామ
బూప్రెనార్ఫిన్ మా షాపుల్లో అడగకండి, మేం అమ్మం. గవర్నమెంట్ డీ-అడిక్షన్, ఓఎస్‌టీ (మత్తుకి బదులు మందు ఇచ్చే) సెంటర్లలో ఇస్తారు.

సూటిగా సుబ్బడు
సరే, చావుల సంగతి ఒప్పుకుంటా. కానీ జీవితాంతం బిళ్ల మీద ఉండాలంటే మాత్రం నాకు ఇంకా మింగుడుపడదు. మానేయడానికి టైం పెట్టాలి.

తిరిగొచ్చినవాణ్ణి
షుగర్ ఉన్నవాళ్లకి ఎప్పుడు టైం పెడతారన్నా?

సూటిగా సుబ్బడు
షుగర్ వేరు. అయినా నీతో వాదించను, నువ్వు బాగుండాలి.

కృష్ణాతీరం
మా బాబాయ్‌కి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. "సరే, నాబ్ దిగేదాకా ఆగుదాం" అన్నారు. తమ్ముడి ఒంట్లో ఇప్పుడు ఏ ఓపియాయిడ్ లేదు కాబట్టి నాల్‌ట్రెక్సోన్ గురించి ఆలోచిద్దామన్నారు డాక్టర్. దానికి ముందు పొద్దున కార్టిజాల్, టెస్టోస్టిరాన్ చేయించమన్నారు. టెస్టోస్టిరాన్ ఎందుకో అర్థం కాలేదు, వాడు సిగ్గుపడి అడగలేదు.

హార్మోన్ల డెస్క్
ఓపియాయిడ్లు హైపోథాలమస్‌లో జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ని కూడా అణుస్తాయి. దానితో పిట్యూటరీ వదిలే ఎల్‌హెచ్ అనే హార్మోన్ తగ్గి టెస్టోస్టిరాన్ పడిపోతుంది, ఆడవాళ్లలో నెలసరి తప్పుతుంది. నీరసం, దిగులు, కోరిక లేకపోవడంలో దాని వాటా కూడా ఉండొచ్చు, మందు ఆపాక చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. నాల్‌ట్రెక్సోన్ రిసెప్టర్లని పూర్తిగా మూసేస్తుంది. శరీరంలో ఓపియాయిడ్ ఏమాత్రం మిగిలి ఉన్నా విత్‌డ్రాయల్ ఎగదన్నుకొస్తుంది కాబట్టి ఏ దొంగ బిళ్లా వేసుకోలేదని డాక్టర్‌కి నిజం చెప్పమనండి. సొంత ఎండార్ఫిన్ల కళ్లెం కూడా మూసేస్తుంది కనుక మొదట్లో ఏసీటీహెచ్, కార్టిజాల్ కొంచెం పెరుగుతాయి, కొందరికి కంగారు అనిపిస్తుంది. లివర్ టెస్టు కూడా అడగండి.

రక్తం పొద్దున 8 గంటల ప్రాంతంలో ఇవ్వాలి, కార్టిజాల్ అప్పుడే ఎక్కువ ఉంటుంది. సాయంత్రం ఇచ్చి తక్కువ ఉందని భయపడేవాళ్లని వారం వారం చూస్తుంటాను. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాడైతే ఆ సంగతి చెప్పాలి. కాలికి సర్జరీ అయింది కదా, కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏదైనా వేశారా, ఎవరో ఇచ్చిన నొప్పుల పొడి తింటున్నాడా కనుక్కోండి. ఆ పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటే కార్టిజాల్ తక్కువ రావడానికి ట్రమడాల్‌తో సంబంధమే ఉండదు.

కృష్ణాతీరం
పొడి ఉంది. అమ్మ ఎవరి దగ్గరో తెప్పించింది, డబ్బా మీద పేరు కూడా లేదు. డబ్బా తీసుకునే వెళ్తాం.